తిన్నవారి అభిప్రాయం

1992 జనవరి 27, సోమవారం

నిన్న చర్చి నుంచి వచ్చేసరికి మా పిల్ల రిబ్కా పెట్టె వచ్చింది. నవంబరు నుంచి బాపట్ల హోం సైన్సు కాలేజీ హాస్టల్లో ఉండిపోయిన రేకు పెట్టె. గదిలో తనతో పాటు ఉండే ప్రమీలారాణి, వాళ్ళ నాన్నగారు కలిసి తెచ్చారు. వాళ్ళది అమృతలూరు, భూములున్న వాళ్ళు. అంత పెద్దాయన పెట్టెకి ఒక కొస పట్టుకుని మా వీధిలో నడిచొచ్చాడు. నేను వంటింట్లోంచి బయటకి రాలేదు. మంచినీళ్ళు కూడా మా ఆయన ఇస్సాకే ఇచ్చాడు. ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చి "పిన్నిగారూ" అని పిలిచింది. పొయ్యిలో పొగ ఎక్కువగా ఉందని పలకలేదు.

ఈ పొద్దున పెట్టె తెరిచాను. బట్టలు. దువ్వెన. చిన్న బైబిలు. అట్ట వేసిన రికార్డు పుస్తకం ఒకటి, అంతా ఇంగ్లీషు. నేను చదివింది ఐదో తరగతి, అదీ తెలుగు. ఏమీ రాయని నోటు పుస్తకం ఒకటి ఉంది, దాంట్లోనే ఇది రాస్తున్నాను. అడుగున నాలుగు పాకెట్లున్నాయి. ప్లాస్టిక్ కాగితంలోంచి కనిపిస్తున్నాయి, పచ్చటి గొట్టాలు, పిల్లల చిటికెన వేలు వంచినట్టు వంగి ఉన్నాయి.

ఇవేంటో నేనెప్పుడూ చూడలేదు.

జనవరి 29, బుధవారం

ఒక పాకెట్టు మూల కొద్దిగా చింపి చూశాను. వాసన లేదు. పంటి కింద పెడితే రాయి. గోధుమ పిండిదే అనుకుంటా. ఈ చివర నుంచి ఆ చివరకి బొక్క ఉంది. ఊదితే గాలి వస్తోంది. లోపల బొక్క పెట్టి, దాన్ని మళ్ళీ వంచి, ఇంత చిన్నది ఎవరు చేస్తారు, చేత్తో అయితే చేయలేరు. అయినా బొక్క ఎందుకు పెట్టాలి? పిండి కలిసొస్తుందనా? ఆ కాస్త పిండి మిగిల్చి బాగుపడేదేంటి?

పక్కింటి సుబ్బాయమ్మకి చూపించాను.

"చెవి దిద్దుల్లా ఉన్నాయి గదొదినా" అంది. చెవికి పెట్టుకుని చూసింది కూడా.

"తినేవే, దిద్దులు కాదు."

"తినేవైతే ఎందుకు వంచారు? తిన్నగా ఉంటే గొంతు దిగవా?"

నాకూ తెలియలేదు. చాలా రోజుల తర్వాత ఒక సంగతి తెలుసుకోవాలనిపించింది. రిబ్కా దీన్ని ఎట్లా తినేదో, దాని రుచేంటో తెలుసుకోవాలి. నాలుగు పాకెట్లున్నాయి. తెలుస్తుంది.

ఫిబ్రవరి 2, ఆదివారం

రాయిలా ఉంది కదా అని పొద్దున చర్చికి వెళ్ళేముందు నానేశాను. ఎండు అలసందలైనా, శనగలైనా అట్లాగే గదా. వచ్చి చూస్తే తపేలాలో గోడకి అంటించే మైదా బంక ఉంది. గొట్టం లేదు, వంపు లేదు. చెయ్యి పెట్టి వెతికాను. ఒక్కటి కూడా చిక్కలేదు.

మా ఆయన తొంగి చూసి, "ఎలక్షన్లు వస్తున్నాయా ఏంటి, పోస్టర్లు అంటిస్తావా?" అన్నాడు. రిబ్కా పోయాక ఆయన పరిహాసం ఆడటం ఇదే మొదలు. నేను నవ్వలేదు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

ఫిబ్రవరి 3

ఆ బంక సుబ్బాయమ్మ గేదె కూడా తినలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

సేమ్యా కూడా ఇట్లాగే పిండి గదా, దీనికి లావు ఎక్కువ అంతే అనిపించింది. రెండో పాకెట్టు పాలల్లో ఉడికించి, బెల్లం వేశాను. దించి చల్లారాక వేయాల్సింది, తొందరపడి పొయ్యి మీద ఉండగానే వేశాను. పాలు విరిగాయి. గొట్టాలు మాత్రం ఆకారం పోలేదు. పైన మెత్తన, మధ్యలో పచ్చి. కొరికితే లోపల బొక్కలోంచి తీపి పాలు చిమ్మాయి. అది బాగుంది. అంటే బొక్క అందుకేనేమో. పులుసో పాలో లోపల దాక్కోవడానికి.

మా ఆయన గిన్నె ఖాళీ చేసి చేయి కడుక్కున్నాడు.

"ఎట్లా ఉంది?"

"తిన్నాను గదా."

"అది కాదు, ఎట్లా ఉంది?"

"రిబ్కా ఇట్లా పాయసం చేసుకుని తినేదంటావా?" అన్నాడు. అక్కణ్ణించి లేచి రైసుమిల్లుకి వెళ్ళిపోయాడు. ఆయన అక్కడ కాటా దగ్గర పనిచేస్తాడు. ఆదివారం మిల్లు ఉండదు.

ఫిబ్రవరి 12, బుధవారం

"ఆ రికార్డు పుస్తకంలో ఉంటుందే అదంతా. బాపట్ల వెళ్ళి ఆ పిల్లనడుగు. చదివి చెబుతుంది" అన్నాడు మా ఆయన.

తీరిక లేదు. మినుము తీతలు మొదలయ్యాయి. ఆరింటికి గానీ ఇంటికి రావడం లేదు. వచ్చి పొయ్యి ముట్టించేసరికే చీకటి.

ఫిబ్రవరి 15

బాపట్ల వెళ్ళడానికి తీరిక లేదు.

ఫిబ్రవరి 20, గురువారం

ఇవాళ మినుము చేను యజమాని ఇంట్లో పెళ్ళి, పని లేదు. ఖాళీగా ఉండటమెందుకని ఉప్మా చేద్దామనుకున్నాను. మూడో పాకెట్టు చేతిలోకి తీసుకుంటే కాగితం లోపల పిండి రాలి ఉంది. వెలుతురులో పెట్టి చూశాను. ప్రతి గొట్టంలోనూ ఒక ముక్కుపురుగు. ఇల్లు కట్టించి ఇచ్చినట్టు హాయిగా ఉన్నాయి. చేటలో పోసి ఎండలో పెట్టాను. చెరిగితే పురుగులు పోయాయి, గొట్టాలు కూడా పొడై పోయాయి. కోళ్ళకి వేశాను.

ఇంక ఒక్క పాకెట్టు ఉంది. ఎండు వేపాకు చుట్టి, గుడ్డలో కట్టి, బియ్యం డ్రమ్ములో అడుగున దాచాను. బియ్యం కొలిచినప్పుడల్లా చెయ్యి పెట్టి తడిమి చూస్తున్నాను.

ఇది కూడా తగలేస్తే ఇంక ఎప్పటికీ తెలియదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

మొదటి రోజు రాసింది తప్పు. నాకు నేను రాసుకునే దాంట్లో కూడా అబద్ధం రాశాను. ఆ పేజీ చింపుదామనుకున్నాను. చింపితే వెనక పేజీ కూడా పోతుంది.

ఆ గొట్టాలు నేను ముందే చూశాను.

దసరా సెలవలకి రిబ్కా ఒక పాకెట్టు తెచ్చింది. "అమ్మా, రేపు సాయంత్రం వంట నాది. నువ్వు పొయ్యి దగ్గరికి రాకూడదు. చేనునుంచి వచ్చి కూర్చుని తినాలి అంతే" అంది. ఏదో పేరు కూడా చెప్పింది. మర్నాడు అది క్వయర్ ప్రాక్టీసుకని చర్చికి వెళ్ళింది. నేను పని తొందరగా అయిపోయి ఐదింటికే వచ్చాను. చూస్తే గట్టు మీద పాకెట్టు. బజార్లో అమ్ముతారు గదా, పచ్చవీ ఎర్రవీ గొట్టాల వడియాలు, పిల్లలు వేళ్ళకి పెట్టుకుని తింటారు, అవే అనుకున్నాను. పిల్ల వచ్చేసరికి నేనే వేయించి పెడదామని మూకుట్లో నూనె పోశాను. పొంగలేదు. నూనె ఇంకా కాగలేదేమో అని మంట పెంచాను. నల్లబడ్డాయి, పొంగలేదు. మరో గుప్పెడు వేశాను. పాకెట్టంతా అట్లాగే వేశాను.

రిబ్కా వచ్చింది. నూనె పాడు చేసుకున్న కోపం నాకు. "ఎక్కడి సరుకమ్మా ఇది, నిన్ను ముంచారు. ఇట్లాంటివి తెచ్చి నా నూనె కాల్చకు. బువ్వ ఉండగా ఇదేం తిండి" అన్నాను. అది మూకుడు తీసుకెళ్ళి తోమింది. ఆ రోజు మామూలుగా అన్నం, దోసకాయ పప్పు. మర్నాడు బండెక్కి వెళ్ళిపోయింది.

నెల తిరిగేలోపు జ్వరం. తొమ్మిది రోజులు. కబురు అంది మేం ఆసుపత్రికి వెళ్ళేసరికి అయిపోయింది. మొదటినుంచీ చివరిదాకా దాని మంచం దగ్గర ఉన్నది ప్రమీలారాణి.

అందుకే బాపట్ల వెళ్ళడం లేదు. మినుము తీతల వల్ల కాదు. ఆ మూకుడు సంగతి రిబ్కా ఆ పిల్లకి ఎట్లా చెప్పిందో నాకు తెలియదు. మా అమ్మ నన్ను మాటలంది అని చెప్పిందేమో.

ఫిబ్రవరి 26

వచ్చే బుధవారం నుంచి శ్రమల దినాలు. సుబ్బాయమ్మ ఎండు రొయ్యలు ఉన్నవన్నీ ఈ వారంలోనే వండేస్తోంది. మా ఇళ్ళల్లో ఆ నలభై రోజులూ నీచు ముట్టం.

"శనివారం వెళ్తాను" అన్నాను మా ఆయనతో. టిక్కెట్టుకి డబ్బులు తీసి బియ్యం డ్రమ్ము మూత మీద పెట్టాడు. అంటే ఆయనకీ తెలుసు నేను రోజూ అక్కడ తడుముతున్నానని.

ఫిబ్రవరి 29, శనివారం

ఇప్పుడే వచ్చాను. మర్చిపోకముందే రాయాలి.

పొద్దున రేపల్లెలో బండెక్కి, తెనాలిలో మారి, బాపట్లలో దిగాను. రికార్డు పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. హాస్టలు గేటు దగ్గర నిలబడితే ప్రమీలారాణి పరుగెత్తుకొచ్చింది. చిక్కిపోయింది. నన్ను చూసి ఒక్క నిమిషం ఆగింది, నేను ఈసారి కూడా పలకనేమో అని. "అమ్మాయ్, మొన్న నీకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు" అన్నాను. "ఇప్పుడు నేనిస్తాను రండి పిన్నిగారూ" అంది.

వాళ్ళ గదిలో కూర్చోబెట్టింది. రిబ్కా మంచం మీద ఇప్పుడు ఇంకో పిల్ల పక్క ఉంది. నేను పుస్తకం తీసి, "ఇందులో గొట్టాల సంగతి ఏమన్నా ఉందా?" అన్నాను.

ఆ పిల్ల పకపకా నవ్వబోయి ఆపుకుంది.

"ఏంటమ్మా?"

"ఏం లేదండి."

"చెప్పు. దాన్ని నేను మాటలన్నానని చెప్పిందా?"

"మాటలా? అయ్యో, లేదండి. మా అమ్మ మాకరోనిని వడియాలనుకుని వేయించేసిందే అని, మీరు మూకుడు ముందు ఎట్లా నిలబడ్డారో, మంట ఎట్లా పెంచారో చేసి చూపించింది. ఈ వరసలో గదులన్నీ నవ్వినయ్. అప్పణ్ణించి మెస్సులో ఏది మాడినా సుందరమ్మగారి వడియాలనేవాళ్ళం. ఏమనుకోకండి."

నేనేమీ అనుకోలేదు. నా పేరు ఈ గదుల్లో అన్నిసార్లు పలికారంటే వింతగా ఉంది.

"మరి కోపం రాలేదా దానికి?"

"కోపమా? మర్నాడే బజారుకెళ్ళి నాలుగు కొనుక్కొచ్చింది. నాలుగెందుకే అంటే, క్రిస్మస్ సెలవలకి తీసుకెళ్తా, ఒకటి మా అమ్మ తగలేసినా మిగతావి ఉంటాయి అంది."

"ఒకటి కాదమ్మాయ్. మూడు తగలేశాను" అన్నాను.

అప్పుడిద్దరం నవ్వాం. ఆపుకోలేక నవ్వాం. అది నవ్వు నుంచి ఎప్పుడు మారిందో తెలియదు, పక్కగది పిల్లలు వచ్చి చూసి వెళ్ళారు.

తర్వాత పుస్తకం చదివి, వేలు పెట్టి చూపిస్తూ తెలుగులో చెప్పింది. క్లాసులో అందరికీ ఇచ్చిన పని అంట అది. ఒక ఇల్లు ఎంచుకోవాలి. ఆ ఇంటి వంటింట్లో ఎప్పుడూ ఉండే సరుకులతో, తక్కువ ఖర్చులో, అరగంటలో రాత్రి భోజనం తయారుకావాలి. మిగతా పిల్లలు ఉద్యోగస్తుల ఇళ్ళు ఎంచుకున్నారంట. రిబ్కా మా ఇల్లు ఎంచుకుంది.

"ఇల్లాలు పొలం పనికి వెళ్తుంది అని రాసింది పిన్నిగారూ. సాయంత్రం ఆరింటికి వస్తుంది. కూర్చోకుండా పొయ్యి ముట్టిస్తుంది. అన్నం, కూర, చారు అయ్యేసరికి ఎనిమిది. ఈ వంట ఏడింటి లోపల అయిపోవాలి. ఆమెకు ఒక గంట మిగలాలి."

ఇంకోసారి చదవమన్నాను. ఇంకోసారి చదివింది.

సరుకులు: ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, చింతపండు, వేరుశనగపప్పు, ఎండు రొయ్యలు గుప్పెడు. అన్నీ మా అరలో ఉన్నవే. బయట కొనేది గొట్టాలొక్కటే. నానేయకూడదంట. నీళ్ళు ఎక్కువ పోసి, ఉప్పేసి, తెర్లేటప్పుడు వేయాలి. పన్నెండు నిమిషాలు. పంటి కింద కాస్త బిగువుండగానే వార్చాలి. "గంజి పారబోయకుండా ఒక గ్లాసు ఉంచుకోవాలి, అందులోనే చింతపండు పిసకాలి. ఇది మా అమ్మ పద్ధతి" అని ఇంగ్లీషులో రాసిందంట. నేను గంజి పారబోయను. అది నిజమే. దానికి ఇంగ్లీషులో పేరుంటుందని తెలియదు.

"బొక్క ఎందుకో రాసిందా?" అని అడిగాను.

"పులుసు లోపలికి పోవడానికండి."

నేను కనిపెట్టాను ఆ సంగతి. పాయసం అప్పుడే.

చివరి పేజీలో గళ్ళు గీసి ఉన్నాయి. ప్రమీల అక్కడ ఆగింది. "ఇది తిన్నవారి అభిప్రాయం పిన్నిగారూ. వండినాక ఇంట్లోవాళ్ళు తిని ఎట్లా ఉందో చెబితే, వాళ్ళ మాటల్లోనే రాయాలి. ఇది నాన్న గడి. ఇది అమ్మ గడి. దసరా సెలవల తర్వాత ఇవ్వాల్సిన రికార్డు. అందరూ ఇచ్చేశారు. తను మాత్రం, మా అమ్మ ఇంకా తినలేదండి అని మేడంని క్రిస్మస్ దాకా గడువడిగింది."

రెండు గళ్ళూ ఖాళీ.

తిరిగొచ్చేటప్పుడు తెనాలిలో బండికి గంట టైముంది. బజారులోకి వెళ్ళాను. కిరాణా కొట్టు ముందు గోనెసంచిలో, మూతి మడిచి, శనగపప్పు పక్కన, ఇవే గొట్టాలు పోసి ఉన్నాయి. నాకు ఎందుకో కోపం వచ్చింది. బియ్యంలో దాచి, వేపాకు చుట్టి, రోజూ తడుముతున్న వస్తువు ఇక్కడ ఈగలు వాలుతూ పడి ఉంది.

"ఏం కావాలమ్మా? మాకరోనా? ఎట్లా వండాలో తెలుసా?" అన్నాడు కొట్టాయన.

"నానేయకూడదు" అన్నాను. అరకేజీ తూచమన్నాను.

మార్చి 2, సోమవారం

కొన్నవాటితో చేసి చూశాను. చెయ్యి కుదిరాక గానీ రిబ్కా పాకెట్టు విప్పకూడదనుకున్నాను. బిగువు ఎప్పుడొస్తుందో తెలియలేదు. గడియారం చూడకుండా ఒకటొకటే తీసి కొరికాను. మొదట పిండి. తర్వాత మధ్యలో తెల్ల చుక్క. చుక్క పోగానే దించాలి, అదీ గుర్తు. పుస్తకంలో లేదు ఇది. ప్రమీలకి చెప్పాలి.

పులుసు పల్చనైంది. రేపు గంజి ఎక్కువ వద్దు.

సుబ్బాయమ్మ రుచి చూసి, "చెవి దిద్దుల పులుసు బాగానే ఉందొదినా" అంది. ఇంకోసారి పెట్టించుకుంది.

మార్చి 3, మంగళవారం

రేపటినుంచి శ్రమల దినాలు. ఎండు రొయ్యలు వేయాలంటే ఇవాళే.

ఆరింటికి చేనునుంచి వచ్చాను. డ్రమ్ములోంచి పాకెట్టు తీశాను. వేపాకు దులిపి వెలుతురులో చూశాను. పురుగు లేదు. నీళ్ళు తెర్లుతుంటే పోశాను. అవి గిన్నెలో పైకీ కిందకీ తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. చుక్క పోయింది. వార్చాను. గ్లాసు గంజి పక్కన పెట్టి అందులో చింతపండు పిసికాను. వెల్లుల్లి, ఎండుమిర్చి నూనెలో వేగాక ఉల్లిపాయ, రొయ్యలు వేశాను. పులుసు పోశాను. దగ్గరపడ్డాక గొట్టాలు కలిపి, పైన వేరుశనగపప్పు పొడి చల్లాను. ఈసారి పులుసు పట్టింది.

రెండు కంచాలు పెట్టాను. మా ఆయన నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"చెప్పు. రాయాలి" అన్నాను, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని.

"నాది రాయడమేంటి?"

"నీ మాటల్లోనే రాయాలంట. ఎట్లా ఉందో చెప్పు."

"బాగుంది" అన్నాడు. తర్వాత ఇంకో ముద్ద తిని, "కారం కొంచెం తక్కువ. పరీక్షకిచ్చే పుస్తకం గదా, నిజమే చెప్పాలి" అన్నాడు.

నాన్న గడిలో అదే రాశాను. బాగుంది. కారం కొంచెం తక్కువ.

నేను తిన్నాను. కొరికితే లోపలి నుంచి పులుపు వచ్చింది. వెల్లుల్లి వచ్చింది. అదంతా మా ఇంటి రుచే, వేరే ఆకారంలో ఉంది. కంచం ఖాళీ చేసి, చెయ్యి తుడుచుకుని, పెన్ను పట్టుకుని అమ్మ గడి ముందు కూర్చున్నాను. గడి చిన్నది. ఇంతే పట్టింది.

అమ్మ: ఉప్పు సరిపోయింది. దసరా సెలవల్లోనే తినాల్సింది.

పుస్తకం పెట్టెలో పెట్టలేదు. వంటింటి అరలో, ఉప్పు జాడీ పక్కన పెట్టాను. ప్రమీల వచ్చినప్పుడు చూపించాలి.

ఇంకా ఏడు కాలేదు. నువ్వు చెప్పిన గంట మిగిలింది రిబ్కా. అందులో ఏం చేయాలో మాత్రం రాయలేదు నువ్వు. అరుగు మీద కూర్చుని ఇది రాసుకున్నాను.